బ్యాంకాకు ప్రయాణము: ముగ్గురి కోరికలు



మన యిండ్లలో సెలవు అను మాటకు అందరికిని ఒకే యర్థము లేదు. పిల్లలకు బడి లేకుండుట సెలవు. పురుషులకు కచేరి లేకుండుట సెలవు. ఆ దినమున వారందరును ఇంటనే యుందురు గావున గృహిణికి మాత్రము పని యినుమడించును. ఊరు వెళ్ళినను అంతే. పెట్టెలు సర్దుట, మందులు జ్ఞాపకముంచుకొనుట, దారిలో తినుటకు ఏవేని చేసికొని పోవుట, తిరిగి వచ్చిన పిమ్మట మాసిన బట్టల మూటలు విప్పుట, ఇవి యన్నియు ఆమెవే. ఇంటిపనియే రైలెక్కి ఆమె వెంట వచ్చును.

అట్లుగాక, వెళ్ళిన వారందరికిని సెలవుగా నుండు ప్రయాణ మొకటి చేయగలమాయని చిరకాలము ఆలోచించి, 2025 ఫిబ్రవరిలో మా యమ్మను, మా యత్తగారిని వెంటబెట్టుకొని బ్యాంకాకు నగరమునకు ఆరు దినముల ప్రయాణము చేసితిని. పూర్వము శ్యామదేశమని పిలువబడి నేడు థాయిలాండు అనబడు దేశమునకు అది రాజధాని. ఆ నగరమును వర్ణించుటకంటె మేము ముందుగా చేసికొనిన యేర్పాట్లను చెప్పుటయే నా యుద్దేశము. ప్రయాణములోని సుఖదుఃఖములు సగమునకు పైగా ఇల్లు కదలకమునుపే నిర్ణయమగునని నా నమ్మకము.

మా యమ్మకు 68 ఏండ్లు. గ్లకోమా యను నీటికాసుల వ్యాధి ఆమెకు నాలుగేండ్ల క్రిందట బయటపడినది. ఈ వ్యాధిలో కంటినరము మెల్లగా చెడి, తరచుగా మొదట ప్రక్కచూపు తరిగిపోవును. తొలిదశలో సాధారణముగా నొప్పి యుండదు గావున చాలమంది గుర్తింపరు. చుక్కల మందు ఉన్న చూపును నిలుపుకొనుటకే గాని, పోయిన చూపును తెచ్చుటకు గాదు. నలువది దాటినవారు, ముఖ్యముగా రక్తసంబంధులలో ఈ వ్యాధి యున్నవారు, బాధ లేకున్నను కండ్లు పరీక్ష చేయించుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. నేనును చేయించుకొనుచున్నాను.

ప్రతిదినము సుందరకాండ పారాయణము చేయు మా యమ్మ యొకనాడు పుస్తకము మూసి, “అక్షరములు నాకు దొరకకుండ పోవుచున్నవే. రామాయణ మంతయు గోడలమీద పెద్ద బొమ్మలుగా ఎక్కడనైన నున్నచో, చూపుండగానే యొకమారు చూడవలెనని యున్నది” అన్నది. ఆమె నన్నేనాడును ఏదియు కోరలేదు. మా వీధి పిల్లలకు లెక్కలు చెప్పి నేను కూడబెట్టుకొనిన సొమ్ము కొంత బ్యాంకులో నున్నది. దాని కింతకంటె మంచి వినియోగము నాకు తోచలేదు.

అయితే మన సంసారములలో నొక చిక్కు కలదు. ఇంట అత్తగారుండగా అమ్మను మాత్రము తీసికొనిపోవుట యెట్లు? నలుగు రేమనుకొందురో యను శంక యొకవైపు, మా యత్తగారు చిన్నపుచ్చుకొందురేమో యను శంక మరియొకవైపు. దాచి చెప్పుటకంటె తిన్నగా అడుగుటయే మేలని, “అత్తయ్యగారూ, అమ్మను తీసికొని వెళ్ళవలెనని యున్నది. మీరును వచ్చెదరా?” అని యడిగితిని. ఆమెకు 72 ఏండ్లు. మోకాళ్ళు అరిగిపోయి మూడేండ్లుగా మేడమెట్లు ఎక్కుట లేదు. ఆమె క్షణమాలోచించి, “వదినగారికి కండ్లు చాలవు, నాకు కాళ్ళు చాలవు. ఇద్దరము కలిసినచో ఒక మనిషి కావచ్చును. పదండి” అన్నారు. శంక లన్నియు ఆ మాటతో తీరినవి.

బ్యాంకాకునే యేల ఎన్నుకొంటిమనగా, మా యమ్మ కోరిన గోడ లచ్చట నున్నవి. 1782లో మొదటి రామరాజు ఆ నగరమును రాజధానిగా జేసికొని రాజప్రాసాదమును, దానిలో మరకత బుద్ధుని యాలయమును కట్టించెను. ఆ యాలయము చుట్టునున్న వసారా గోడలపై వారి రామాయణ మంతయు 178 చిత్రములుగా వ్రాయబడి యున్నది. వారు దానిని రామకియన్ అందురు. ఆ రాజే 1797లో దానిని కావ్యముగా కూర్పించెను. అదియునుగాక హైదరాబాదునుండి ఆ నగరమునకు సుమారు మూడున్నర గంటల విమానయానము. ముసలివారు ఓర్చుకొనదగిన దూరమే.

ఆ నగరమునకు ప్రజలు వాడుకొను పేరు క్రుంగ్ థేప్. పూర్తిపేరు నాలుగైదు పంక్తులుండును. దానిలో మహానగరము, అమరము, రత్నము, అయోధ్య, నవరత్నము, రాజధాని అను మన మాటలే వారి యుచ్చారణలో వినబడును. ఇంద్రుడిచ్చినది, విశ్వకర్మ కట్టినది యని ఆ పేరు ముగియును. ఆహారమును ఆహాన్ అనియు, భాషను ఫాసా యనియు, నగరమును నఖోన్ అనియు వారనగా విని, మా యత్తగారు బయలుదేరక ముందే ఆ మాటలు చిన్న పుస్తకములో వ్రాసికొనిరి.

ఇక కాలనిర్ణయము. పిల్లల వేసవి సెలవులలో వెళ్ళుట మనకు వాడుక. కాని ఏప్రిలు నెల అచ్చట మిక్కిలి వేడిగల నెల. మేనుండి అక్టోబరు వరకు వానలు. నవంబరునుండి ఫిబ్రవరి వరకు కొంత చల్లదనముండును. పిల్లల సెలవులు చూచినచో పెద్దలకు ఎండదెబ్బ, పెద్దల యారోగ్యము చూచినచో పిల్లలకు బడి. ఇద్దరకును సరిపడు తిథి దొరకలేదు గావున, పెద్దల ప్రయాణము పెద్దలకే యని పిల్లవానిని ఇంట నుంచుటకు నిశ్చయించితిమి. చల్లని నెలలలోను ఒక దోషము కలదు. గాలి కదలక పొగ క్రమ్ముకొనును. 2025 జనవరిలో అది మిక్కుటమై అచ్చట వందలకొలది పాఠశాలలు మూయవలసి వచ్చెను. మేము ప్రతిదినము గాలి యెట్లున్నదో చూచుకొని, ముక్కునకు కట్టుకొను మాస్కులు తీసికొని బయలుదేరితిమి.

ముగ్గురు స్త్రీలు ఒక్కమారుగా ఇల్లు విడుచుట మా వంశమున నిదివరకు జరుగలేదు. మావారికిని, పదునైదేండ్ల మా అబ్బాయికిని ఆరు దినముల వంట యెట్లని చుట్టములందరును విచారించిరి. ఆరు దినములకు సరిపడు పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు చేసియుంచి వెళ్ళుమని యొకరు సలహా యిచ్చిరి. అట్లు చేసినచో సెలవునకు ముందే నేను అలసి పడిపోదును. దానికి బదులు నెల ముందునుండి ఆదివారపు వంటను తండ్రికొడుకులకు విడిచితిని. మొదటి వారము అన్నము మాడినది, రెండవ వారము చారులో ఉప్పు లేదు. నాలుగవ వారమునకు పప్పు, వేపుడు, పెరుగు తోడువేయుట వచ్చినవి. పాలు, పనిమనిషి, గ్యాసు, నీళ్ళ మోటారు, దేవుని దీపము, వీని వివరములు ఒక కాగితముపై వ్రాసి వంటింటి తలుపునకు అంటించితిని. ఆరు దినములలో వారు నాకు ఫోను చేసి అడిగిన ప్రశ్న ఇంగువ డబ్బా ఎక్కడ ననునది యొక్కటే.

మా మరిది ప్రేమతో ఒక యాత్రాపట్టిక తెచ్చియిచ్చెను. దానిలో అయిదు దినములకు 18 స్థలములుండెను. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి బస చేరవలెను. పాతికేండ్ల వానికి అది వినోదమే. మా పరివారమునకు అది శిక్ష. నే నా పట్టికను మడిచి యుంచి, వేరొక కాగితముపై మూడు పేర్లు వ్రాసి, ఒక్కొక్కరి క్రింద ఒక్క కోరిక వ్రాయుద మంటిని. మా యమ్మ పేరు క్రింద, గోడలమీది రామాయణము. మా యత్తగారు కొవ్వూరులో గోదావరి యొడ్డున పెరిగినవారు. 1974లో రోడ్డు రైలు వంతెన రాకపూర్వము లాంచీలో రాజమహేంద్రవరము దాటుచుండిన దినములు ఆమెకు మరపురానివి. “పడవలో కూర్చుండి ఏటిని చూడవలెను. ఎక్కడికిని చేరనక్కరలేదు” అని వ్రాయించిరి.

మూడవ పేరు నాది. దాని క్రింద నేమియు వ్రాయక కాగితము మడువబోవుచుండగా మా యత్తగారు, “అమ్మాయీ, నీ కోరిక యేదీ?” అనిరి. మీరిద్దరు సుఖముగా తిరిగి వచ్చుటయే నా కోరిక యంటిని. “అది నీ పని, కోరిక కాదు. వ్రాయుము” అని కలము నా చేతి కిచ్చిరి. పది నిమిషములు నాకేమియు తోచలేదు. ఇరువదియేండ్లుగా ఇతరుల కేమి కావలెనో తలచుట కలవాటుపడిన మనస్సునకు, తన కేమి కావలెనో వెదకుట ఎంత కష్టమో అప్పుడు తెలిసినది. తుదకు, “ఒక మధ్యాహ్నము ఎవరికిని లేవనక్కరలేకుండ కూర్చుండవలెను” అని వ్రాసితిని. మా యమ్మ ఆ పంక్తిని నాచేత రెండుమారులు చదివించుకొని, ఏమియు ననక నా వీపు నిమిరినది.

అటుతరువాత మిగిలిన యేర్పాట్లన్నియు ఆ మూడు పంక్తులను బట్టియే చేసితిమి. దినమునకు ఒక్క ముఖ్యస్థలము, మధ్యాహ్నము తప్పక విశ్రాంతి, ఇదియే మా నియమము.

బసను పేరు చూచిగాక, మెట్లు చూచి యెన్నుకొంటిమి. లిఫ్టు కలదా, స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీ కలదా, గడప యెత్తెంత యని ముందే వ్రాసి యడిగితిని. సామ్ యోత్ అను భూగర్భ రైలు స్టేషనునకు దగ్గరగా దిగితిమి. అచ్చటినుండి మరుసటి స్టేషను సనామ్ చాయ్. 2019లో తెరచిన యీ రెండు స్టేషనులలోను లిఫ్టులును, కదలు మెట్లును కలవు. సనామ్ చాయ్ నుండి శయనబుద్ధుని యాలయమునకు నడచి పోవచ్చును. రాజప్రాసాదము మరికొంత దూరము గావున అచ్చటికి మేము బండి మాట్లాడుకొంటిమి.

విమానాశ్రయములో చక్రముల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొనునపుడే చెప్పినచో విమాన సంస్థవారు దాని నేర్పాటు చేయుదురు. మా యత్తగారికి మొదట అది నామర్దాగా తోచినది. “నేనేమి రోగినా?” అనిరి. మా యమ్మ మెల్లగా, “వదినగారూ, పెండ్లిలో పల్లకి యెక్కినపుడు రోగులమా?” అన్నది. ఆ తరువాత మారు మాటాడక కూర్చుండిరి. అమ్మ విషయములో జాగ్రత్త వేరు. ప్రక్కచూపు లేనివారు ఎదుటి మనిషిని చూతురు గాని ప్రక్కనున్న మెట్టును, స్తంభమును చూడరు. వారి చేయి మనము పట్టుకొని లాగరాదు. మన మోచేతిని వారు పట్టుకొని ఒక యడుగు వెనుకగా నడచుట క్షేమము. మెట్టు వచ్చినపుడు ఎక్కవలెనో దిగవలెనో చెప్పవలెను. ఈ నడకను మా వీధిలోనే పదిదినములు అభ్యాసము చేసితిమి.

మందులు పెట్టెలో వేయక చేతిసంచిలో నుంచుకొంటిమి. కంటిచుక్కల బుడ్డీలు రెండు, ఒకటి నాయొద్ద, ఒకటి మా యత్తగారియొద్ద. వైద్యుని చీటీ వానితో జతపరచితిమి. అచ్చటి గడియారము మనకంటె గంటన్నర ముందు నడచును. ఇంట రాత్రి తొమ్మిదింటికి వేయు చుక్కలు అచ్చట పదిన్నరకు వేయవలెనని కాగితముపై గుర్తు పెట్టుకొంటిమి. పత్రముల సంగతి. 2023 నవంబరునుండి మనదేశీయులు కొలది దినముల విహారమునకు ముందుగా వీసా లేకయే వెళ్ళుచుండిరి, మేమును అట్లే వెళ్ళితిమి. మేము వచ్చిన తరువాత, 2025 మే 1వ తేది నుండి, ప్రవేశించు విదేశీయులు రాకకు ముందు మూడు దినములలోపల కంప్యూటరుపై నొక పత్రము నింపవలెనను నియమము పెట్టిరి. దానికి రుసుము లేదు. ఇట్టి నియమములు మారుచుండును గావున బయలుదేరు ముందు ఆ దేశపు రాయబార కార్యాలయపు ప్రకటనను చూచుకొనవలెను.

భోజనమును గూర్చి మన స్త్రీలకు సహజముగా భయము కలుగును. అచ్చటి వంటలో చేపల రసమును ఉప్పువలె వాడుదురు. దానిని నామ్ ప్లా యందురు. కూరగాయల వంటకమునను అది యుండవచ్చును. మాంసవిరతి యను మన మాటయే వారి నోట మంగ్సవిరత్ అయినది. అట్లన్నను కోడిగ్రుడ్డు వేయవచ్చును. జే యను మాట యింకను కట్టుదిట్టమైనది. అందు మాంసము, చేప, గ్రుడ్డు, పాలు లేవు, ఉల్లి వెల్లుల్లి కూడ లేవు. పసుపుపచ్చని గుడ్డపై ఎఱ్ఱని యక్షరములతో ఆ మాట వ్రాసి దుకాణముల ముందు కట్టుదురు. చూచుటకు 17 అంకెవలె నుండును. కార్తికమాసములో ఉల్లి ముట్టని మా యత్తగారికి ఈ సంగతి మిక్కిలి నచ్చినది. మా బసకు దగ్గరనున్న పాహురాత్ అనునది బట్టల అంగళ్ళ పేట. మన దేశమునుండి వెళ్ళి స్థిరపడినవారు అచ్చట పెక్కురు. శాకాహార భోజనశాలలును, పెద్ద గురుద్వారమును కలవు. గురుద్వారములో జాతిమతభేదము లేక అన్నము పెట్టుదురు. ఎందుకైన మంచిదని అటుకులు, వేరుసెనగ పొడి తీసికొని వెళ్ళితిమి గాని సగము తిరిగి వచ్చినవి.

ఆచారముల విషయమున కొన్ని తెలిసికొని వెళ్ళవలెను. ఆలయములలోను, ప్రాసాదములోను భుజములు, మోకాళ్ళు కప్పబడి యుండవలెను. చీర కట్టుకొని పమిట నిండుగా కప్పుకొంటిమి, ఎవరును అడ్డగింపలేదు. బుద్ధవిగ్రహము వైపు కాళ్ళు చాపి కూర్చుండరాదు. పిల్లల తల నిమురుట మనకు ముద్దు, వారికి అమర్యాద. భిక్షువులను స్త్రీలు తాకరాదు, వారి చేతికి నేరుగా ఏమియు నీయరాదు. ఇంకొక మాట. ప్రాసాదపు వీధిలో ఎవరేని మర్యాదగా వచ్చి, “ఈ దినము ప్రాసాదము మూసినారు, వేరొక చోటికి తీసికొని పోయెద” నన్నచో నమ్మరాదు. వారు రత్నముల దుకాణములకు గొనిపోయి కొనిపింప జూతురు. మూసినది లేనిది ద్వారమువద్దనే విచారింపవలెను.

ఇక ఆ కోరికల సంగతి.

ప్రాసాదము ఉదయము ఎనిమిదిన్నరకు తెరతురు. మేము ఆ వేళకే ద్వారమువద్ద నుంటిమి. విదేశీయులకు ప్రవేశ రుసుము మనిషికి 500 బాట్లు. అప్పుడు బాటు మన రూపాయలలో రెండున్నరకు పైన నుండెను. ముందుగా మరకత బుద్ధుని దర్శించితిమి. విగ్రహము 66 సెంటీమీటర్ల యెత్తే గాని ఎత్తయిన బంగారు పీఠముపై నుండును. వేసవికి, వానకాలమునకు, చలికాలమునకు వేర్వేరు బంగారు వస్త్రములు రాజే మార్చును. అంత యెత్తున నున్న చిన్నమూర్తి మా యమ్మకు కనబడలేదు. “ఉన్నాడుగదా, చాలును” అని నమస్కరించినది.

గోడలవద్ద సంగతి వేరు. ఉదయపు వెలుతురు వసారాలోనికి చక్కగా పడుచుండెను. కథ ఉత్తరపు ద్వారము వైపున మొదలై ప్రదక్షిణముగా సాగును. ఒక్కొక్క చిత్రము మనిషి యెత్తునకు మించినది. మా యమ్మ ఒకేసారి మొత్తము చూడలేదు. సన్నని కిటికీలోనుండి చూచినట్లు ముఖము త్రిప్పుచు ముక్కముక్కగా చూచి, మనస్సులో అతికించుకొనుచుండెను. చాలులో దొరకిన సీతను తానే గుర్తించినది. వారి కథలో సీత దశకంఠుని కుమార్తెయే. పుట్టగానే కుండలో బెట్టి నీట విడువగా జనకునికి దొరకును. రాముని శరీరము పచ్చని యాకు రంగు, లక్ష్మణునిది బంగారు రంగు, హనుమంతుడు తెలుపు. వారు థోత్సకన్ అను దశకంఠుడును ఆకుపచ్చనివాడే. అచ్చటి హనుమంతుడు సముద్రములోని మత్స్యకన్యను, విభీషణుని కుమార్తెను వరించుట విని మా యత్తగారు చెవులు మూసికొనిరి. మా యమ్మ నవ్వి, “మన హనుమ బ్రహ్మచారి, వీరి హనుమ సంసారి. చేసిన కొలువు మాత్ర మొక్కటే, వదినగారూ” అన్నది. రెండు గంటలలో మేము చూచినవి 178లో నలువదియే. పట్టిక ప్రకారము వెళ్ళినవారు ఆ వసారా నంతటిని పదినిమిషములలో దాటిపోవుచుండిరి. “మిగిలినవి నీవు చెప్పగా వినెదను” అని మా యమ్మ లేచినది. ఇప్పుడు రాత్రులయందు నేను ఫోటోలు చూచి చెప్పుచుందును, ఆమె కండ్లు మూసికొని వినుచుండును.

రెండవ కోరిక నది. చావో ఫ్రాయా నదిపై ప్రజల పడవలు చౌకగా నడచును గాని, రేవున కొన్ని క్షణములే యాగును. గబాలున దాటి యెక్కవలెను. మోకాళ్ళు లేనివారికి అది తగదు. అందువలన యాత్రికులకై వేరుగా నడచు పడవలో, సాయంకాలము ఎండ తగ్గిన పిదప ఎక్కితిమి. బియ్యము, ఇసుక మోయు పెద్ద నావలను చిన్న పడవ యొకటి వరుసగా లాగుకొని పోవుచుండగా మా యత్తగారు లేచి నిలువబోయిరి. ఆవలి యొడ్డున అరుణుని పేరిటి వాత్ అరుణ్ ఆలయము. దాని గోపురము నిండ పింగాణి పలుకులు పొదిగి యుండును. మెట్లు నిట్రముగా నుండును గావున ఎక్కు తలంపు మేము పెట్టుకొనలేదు. నీటిమీదినుండి, అస్తమయపు వెలుగులో చూచితిమి. ఎక్కినవారికి గోపురము కనబడదుగదా యని మా యత్తగారు సంతోషించిరి.

ఫిబ్రవరి 12 మాఘపూర్ణిమ. అచ్చట ఆ దినమున మాఘపూజ యను బౌద్ధపర్వము. సాయంకాలము కొవ్వొత్తి, అగరువత్తులు, తామరమొగ్గ చేతబట్టి జనులు ఆలయమునకు మూడు ప్రదక్షిణములు చేయుదురు. బసకు దగ్గరి చిన్న యాలయమునకు వెళ్ళితిమి. మా యత్తగారు ఒక్క ప్రదక్షిణముతో ఆగిపోగా, అరుగుపై కూర్చున్న వృద్ధురా లొకతె మాటాడక ప్రక్కకు జరిగి చోటిచ్చి, తన మోకాలు చూపి తల యూపినది. ఇద్దరును ఒకరి భాష ఒకరికి తెలియకయే అరగంట కూర్చుండిరి.

ఆ యుదయమే పెద్ద ఊయెల స్తంభములను, వాని చెంతనున్న దేవస్థాన మను బ్రాహ్మణాలయమును వెలుపలినుండి చూచితిమి. పూర్వము ఆ స్తంభములకు ఊయెల గట్టి యూగు నుత్సవము జరుగుచుండెడిది. 1935 తరువాత అది నిలిచిపోయినది. ఆ పండుగకు పేరు త్రియంపవాయ్ త్రిపవాయ్. అవి తిరువెంపావై, తిరుప్పావై యను ద్రవిడ గీతముల పేర్లే. ధనుర్మాసమున తెల్లవారుజామున మన యాలయములలో వినబడు తిరుప్పావై సముద్రము దాటి యచ్చట పండుగ పేరై నిలిచినది. 1956లో ప్రతిష్ఠించిన చతుర్ముఖబ్రహ్మ యొక కూడలిలో పూజలందుచున్నాడని చెప్పగా, మా యమ్మ తన యౌవనములో చూచిన గుంటూరు సీమ చేబ్రోలులోని చతుర్ముఖబ్రహ్మను తలచుకొన్నది. అక్కడికి మేము పోలేదు. దినమునకు ఒక్కటి యను నియమము తప్పరాదు.

కడపటి దినమునకు ముందటి యుదయమున శయనబుద్ధుని చూచితిమి. ఆ విగ్రహము పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. పాదతలములందు ముత్యపుచిప్పలతో 108 శుభచిహ్నములు పొదిగిరి. మా యమ్మకు ఇచ్చట వెదకవలసిన పని లేకపోయెను. ఎటు చూచినను బుద్ధుడే.

ఆ మధ్యాహ్నము నాది. వారిద్దరును గదిలో నిద్రించుచుండిరి. తాళముచెవి మా యత్తగారియొద్ద నున్నది, చుక్కలు వేయుట ఆమె పూచీ. నేను క్రిందనున్న చిన్న తోటలో ఒక కొబ్బరిబోండముతో కూర్చుంటిని. మొదటి గంట నా చెవులు వారి పిలుపుకొరకే వినుచుండెను. రెండవ గంటలో పిట్టల యరుపు వినబడినది. మూడవ గంటలో నే నేమి తలచితినో నాకే జ్ఞాపకము లేదు. ఇంటికి తెచ్చుకొనిన వస్తువులలో నాకు మిక్కిలి విలువైనది ఆ మూడవ గంటయే.

ఇట్టి ప్రయాణము విదేశమునకే కానక్కరలేదు. అన్నవరమునకైనను, అమరావతికైనను ఈ లెక్క సరిపోవును. పరివారములో ఎవరి యడుగు చిన్నదో ఆ యడుగే ప్రయాణమునకు కొలబద్ద కావలెను. చూపు, నడక, తల్లులు, ఇవి యన్నియు వచ్చే యేటికి వాయిదా వేయదగినవి కావు. చూడదలచినది ఒక్కటైనను, వారు చూడగలిగినపుడే చూపింపవలెను. ఏర్పాట్లు చేయు గృహిణి అందరి కోరికలు వ్రాసిన కాగితముమీద తన పేరును గూడ వ్రాసికొని, దాని క్రింద ఒక్క పంక్తి నింపవలెను. అది చిన్నదైనను సరే, ఖాళీగా మాత్రము విడువరాదు. ఆ పంక్తి వ్రాయుటకు పదినిమిషములు పట్టినచో, అంత యవసరమై యుండెనని యెరుగుడు.